నాలుగింటికే లేచిన ఊరు

ఆ రోజుల్లో నాకొక గట్టి నమ్మకం ఉండేది. లోకంలో ప్రశ్నలు అడగడమంత తేలికైన ఉద్యోగం ఇంకోటి లేదని. కష్టమంతా జవాబు చెప్పేవాళ్లది కదా, మనదేం పోయింది! డిగ్రీ పూర్తి చేసి, వికారాబాద్‌లో మా ఇంటి గడప మీద కూర్చుని, వచ్చేపోయేవాళ్లందరికీ "ఇంకా ఏం దొరకలేదు" అని చెప్పీ చెప్పీ నోరు నొప్పెట్టిన కాలమది. అలాంటప్పుడు సర్కారు వారి సర్వేలో కాంట్రాక్టు పని దొరికింది. మెడలో గుర్తింపు కార్డు, చేతిలో ట్యాబు. (అన్నం తినేటప్పుడు కూడా ఆ కార్డు తీసేవాణ్ణి కాదు. పడుకునేటప్పుడు తీశాననే అనుకుంటున్నాను.)

ఒక మనిషి రోజంతా ఏమేం చేస్తూ గడుపుతున్నారో తెల్లవారుజామున నాలుగు నుంచి మర్నాడు నాలుగు దాకా అరగంట అరగంటగా అడిగి ట్యాబులో ఎక్కించడం మా పని. మగవాళ్లు చేసే పనెంత, ఆడవాళ్లు చేసే పనెంత, అందులో జీతం రాని పనెంత అని దేశం మొత్తానికీ లెక్క తీయడానికట. శిక్షణలో మా సూపర్‌వైజర్ మేడమ్ ఒకే మాట మళ్లీ మళ్లీ చెప్పారు. "ఆడవాళ్ల సంగతి ఆడవాళ్లనే అడగాలె. భర్తను అడిగితే 'ఏం జేస్తది, ఇంట్ల ఉంటది' అంటడు. అది రాసుకొస్తే మీరు ఊరికి పోనట్టే." నేను బుద్ధిగా తలూపాను. ఆడవాళ్లను అడగడంలో ఏముంది, అడిగితే చెప్తారు కదా అనుకున్నాను.

నాకు పడిన ఊరు తాండూరులో రైలు దిగి, షేర్ ఆటో ఎక్కి బషీరాబాద్ వైపు పోతే వస్తుంది. లిస్టులో మొదటి ఇంట్లో ఒకాయన మంచం మీద కూర్చుని ఉన్నాడు. "మీ ఇంటామెతో మాట్లాడాలి" అన్నాను. "ఏం మాట్లాడ్తవ్?" అన్నాడు. "నిన్న తెల్లవారుజామున నాలుగింటి నుంచి ఏం చేశారో అడగాలి" అన్నాను, శిక్షణలో నేర్పినట్టే చిరునవ్వుతో. ముక్కూ మొహం తెలియని కుర్రాడు వచ్చి అలా అడిగితే ఏ భర్త అయినా ఏం చేస్తాడో ఆయనా అదే చేశాడు. (కర్ర దాకా రాలేదు. కుక్కను విప్పాడంతే.) ఇంకో ఇంట్లో తలుపు వెనకనుంచి "మా ఆయన వచ్చినంక రా" అని గొంతు వినిపించింది. ఆయన వచ్చాక ఆమె గొంతే వినిపించలేదు. గుమ్మంలో కందులు చెరుగుతున్న ఒకామె మాత్రం చాట ఆపకుండా "నాదేముంది తమ్మీ, ఖాళీగనే ఉంట" అంది. ఆ మాట అంటున్నప్పుడు చంకలో పిల్ల, పొయ్యి మీద కూర, చేతిలో చాట. ఆమెకు నేను మనసులో కందులక్క అని పేరు పెట్టుకున్నాను.

రెండు రోజులు అలాగే గడిచాయి. మేడమ్ ఫోన్ చేశారు. "ఈ వారంల ఊరు పూర్తి గాకపోతే ఇంకొకరిని పెట్టుకోవాల్సొస్తది బాబూ. నన్ను గూడ పైనుంచి అడుగుతున్నరు." నెల తిరక్కుండానే గడప మీదికి తిరిగి వెళ్లడం కళ్లముందు కనబడింది. ఆ సాయంత్రం నా మొహం చూసి అమ్మ సంగతంతా రాబట్టింది.

"గంతేనా? ఆడోళ్లతోని మాట్లాడుడే గదా? దానికింత పరేషానా? నేనొస్త పా."

"అమ్మా, వేరేవాళ్లు రావొద్దు. రూల్స్ ఒప్పుకోవు."

"రూల్స్‌కు నేను జెప్త."

మర్నాడు పొద్దున రైల్లో సర్కారు ఉద్యోగి కిటికీ పక్కన కూర్చున్నాడు. వాళ్లమ్మ టిఫిన్ డబ్బా ఒళ్లో పెట్టుకుని ఎదురుగా కూర్చుంది.

అమ్మ తిన్నగా కందులక్క ఇంటికి నడిచింది. అనుమతి అడగలేదు, నమస్కారం పెట్టలేదు. పక్కన చతికిలబడి, చాట అందుకుని, "రాళ్లు మస్తున్నయి బిడ్డా ఈసారి" అంది. అంతే. చూస్తుండగానే ఆ గుమ్మంలో చుట్టుపక్కల ఇళ్ల ఆడవాళ్లు చేరారు. నేను గోడవారన నిలబడి, అమ్మ మాటల మధ్యలో సందు దొరికినప్పుడల్లా ప్రశ్న వేస్తే జవాబులు కురిశాయి. నీళ్లు, పొయ్యి, పశువులు, చేను, పిల్లల స్కూలు, అత్త మందులు. నా వేళ్లు అందుకోలేకపోయాయి. అమ్మ నావైపు ఒకసారి చూసి కనుబొమలు ఎగరేసింది. లోకంలో అంత గొప్ప అమ్మను ఎవరూ చూసి ఉండరని అనిపించింది.

వచ్చిన చిక్కల్లా అమ్మకు ఊరుకోవడం చేతకాకపోవడం. "ఎన్నింటికి లేస్తారు?" అని నేను అడిగితే ఒక కోడలు పిల్ల "ఆరింటికి" అంది. అమ్మ చాట ఆపి, బుగ్గన చెయ్యి పెట్టుకుని, "ఆరింటికా?" అంది. అంతకుమించి ఒక్క మాట కూడా అనలేదు. ఆ పిల్ల ఎర్రబడి "కాదు పెద్దమ్మా, అది నిన్నొక్కనాడే. రోజూ నాలుగింటికే లేస్త" అంది. ఆ తర్వాత ఆ గుమ్మంలో ఆరు గంటలన్న మాట వినబడలేదు. ఆ కబురు మాకంటే ముందే పక్క వాడకు చేరిపోయింది: వికారాబాద్ నుంచి ఒక పెద్దమ్మ వచ్చింది, పొద్దెక్కి లేచేటోళ్లను రాసుకుంటున్నది అని. ఇక చూస్కోండి, ఇల్లిల్లూ నాలుగింటికే. ఒక ముసలామె పంతానికి మూడున్నర అంది. నా ట్యాబులో రోజు నాలుగింటికి గాని మొదలు కాదు, ఆమెను ఎక్కడ పెట్టాలో తెలియక తల పట్టుకున్నాను. అయినా లిస్టంతా పూర్తయిందన్న సంబరంలో అన్నీ పంపించేశాను.

మర్నాడు మేడమ్ స్వయంగా దిగారు. చెరగాల్సిన కందులు ఇంకా మిగిలాయని అమ్మ పట్టుబడితే మళ్లీ వచ్చి, మేం కందులక్క గుమ్మంలోనే ఉన్నాం. "ఏమయ్యా, ఈ ఊర్ల ఒక్క ఆడమనిషి గూడ నాలుగు దాటి పండుకోదా? కోళ్లను గూడ వీళ్లే లేపుతరా?" అన్నారు. తర్వాత అమ్మ మీద కళ్లు పడ్డాయి. "ఈమె ఎవరు?" కందులక్క చప్పున "మా చిన్నమ్మ మేడమ్, ఊరినుంచొచ్చింది" అంది. ఆ ఋణం నేనెన్నటికీ తీర్చుకోలేను. కానీ అమ్మ ఆ ఋణాన్ని నిలవనివ్వలేదు. "ఎందుకమ్మా అబద్ధం? నేను వీని తల్లిని. వీనికి మాట్లాడొస్తలేదని తోలుకొచ్చిన" అంది.

మేడమ్ నవ్వలేదు, అరవలేదు. అమ్మ పక్కన కింద కూర్చున్నారు. "అమ్మా, వీళ్లకు నిద్రెంత తక్కువున్నదో చూసుడు గూడ ఈ లెక్కలనే ఉన్నది. నీకు భయపడి అందరు ఒక్కటే చెప్తే ఎవరి కష్టం ఏందో తెలుస్తదా? పైన చూసేటోళ్లు అంతా అబద్ధమంటరు. నిజంగ నాలుగింటికి లేచినామెను గూడ నమ్మరు." అమ్మ మొహం చిన్నబోయింది. మేడమ్ నావైపు తిరిగి అన్నీ కొట్టేసి మళ్లీ అడగమన్నారు. వారం దాటొద్దు. అమ్మ ఏ గడపా తొక్కొద్దు. ఉద్యోగం ఉంటుందా పోతుందా అన్నది దాన్నిబట్టే.

అమ్మ ఊరి బస్టాపు రేకుల కింద టిఫిన్ డబ్బాతో కూర్చుంది. నన్ను వదిలి ఇంటికి పొమ్మంటే వినలేదు. నేను మళ్లీ కుక్క సంగతి తలచుకుంటూ కందులక్క ఇంటికి వెళ్లాను. ఆమె ముందు నా వెనక్కి చూసింది.

"మీ అమ్మ ఏది?"

"బస్టాపులో ఉంది."

"పాపం. సరే కూసో." గొంతు తగ్గించింది. "తమ్మీ, నేను ఆరింటికి లేస్త. మీ అమ్మకు జెప్పకు. చిన్నదానికి దమ్ము, ఊపిరాడదు, నడిమి రాత్రి లేస్త, ఎత్తుకోని తిరుగుత, పండుకుంట, మల్ల లేస్త. తెల్లారంగ కన్ను అంటుకుంటది."

ఖాళీగా ఉంటానన్న మనిషి రాత్రి అరగంటలు ఒక్కొక్కటీ నిండుతుంటే నేను తలెత్తలేకపోయాను. ఆ తర్వాత ఏ ఇంట్లోనూ తలుపు వెనక గొంతు లేదు. "ఆ పెద్దమ్మ కొడుకా? రా" అన్నారు. మంచం మీది ఆయన కూడా కుక్కను పట్టుకున్నాడు. అమ్మ నా వెంట వచ్చి ఉంటే వాళ్లు నిజం చెప్పేవాళ్లు కాదు. అమ్మ అసలే రాకపోయి ఉంటే తలుపే తీసేవాళ్లు కాదు. అది తలచుకుంటే ఇవ్వాళ్టికీ నాకు కళ్లు చెమరుస్తాయి. ఉద్యోగం నిలబడింది.

తిరుగు రైల్లో అమ్మ అడిగింది. "ఏం జెప్పిన్రు?"

"చెప్పొద్దమ్మా. ఎవరి జవాబు బయటికి రావొద్దు."

"తలుపులు తెరిపిచ్చింది నేను, నాకే జెప్పవా?" అని కిటికీవైపు తిరిగింది. ధారూర్ స్టేషన్ దాటాక మెల్లగా "మనింటికెప్పుడొస్తరు అడగనీకి?" అంది.

"మనిల్లు లిస్టులో పడలేదు. చీటీలు తీసినట్టు తీస్తరు, పడ్డ ఇండ్లకే పోతరు."

"పడ్తె నీ అసొంటి పోరడే వస్తడా?"

"అట్లాంటోడే."

"పాపం, తిన్నడో లేదో" అంది అమ్మ.

ఇప్పుడు నేనే కొత్తవాళ్లకు శిక్షణ ఇస్తున్నాను. (కార్డు మాత్రం తీసి బల్ల మీద పెడుతున్నాను.) ఆడవాళ్లను అడిగే తీరు గురించి ఎంత చెప్పినా చివరికి ఈ కథ చెప్పాక గాని వాళ్లకు ఎక్కదు. అందరూ పడీపడీ నవ్వుతారు, నేనూ నవ్వుతాను. ఇళ్ల లిస్టు వచ్చినప్పుడల్లా ముందు మా వీధి కోసం వెతుకుతాను. ఇంతవరకు రాలేదు. మొన్న కూడా అమ్మ, ఏదో మాటల్లో అడిగినట్టు అడిగింది. రాలేదన్నాను.

"వస్తె ఒకదినం ముందుగాల జెప్పు. ఏడికి పోను, ఇంట్లనే ఉంట" అంది.

ఆ మాటకు నవ్వి, పక్కకు తిరిగి కళ్లు తుడుచుకున్నాను.