ముత్యం ఆఫ్రికా సెలవు

గల్ఫ్‌లో, కర్జకాన్ పక్కనున్న లేబర్ క్యాంపులో ముత్యానికి మంచి పేరుంది. పరంజీలు కట్టేవాళ్లకు ఫోర్‌మన్, జగిత్యాల వైపు మనిషి, పదహారేళ్ల సర్వీసు. ఆ మంచి పేరే అతని కొంప ముంచింది. ఎవరు సెలవు మీద ఇంటికి పోయినా క్యాంపు వాళ్లు తమ తమ ఇళ్లకు సామాన్ పంపుతారు. ముత్యం పోతే రెట్టింపు పంపుతారు, ఎందుకంటే అతను కాదనలేడు. కిందటిసారి సెలవులో ఇరవై రోజులు దుప్పట్లూ పాలపొడి డబ్బాలూ మోసుకుంటూ ఊరూరా బస్సులెక్కి తిరిగాడు పాపం. ఒకావిడైతే సబ్బులు లెక్కపెట్టి, ఒకటి తక్కువైందని అతని వంక అదోలా చూసింది. ఆ చూపు గుర్తొస్తే ముత్యానికి ఇప్పటికీ ఒళ్లు మండుతుంది.

అందుకే ఒట్టేసుకున్నాడు. ఒక్క పది రోజులు, జన్మలో ఒక్కసారి, తన సంచిలో తన బట్టలే పెట్టుకుని తనకోసం ఎక్కడికైనా పోవాలి. ఎక్కడికన్నది కంపెనీ బస్సు డ్రైవరు వహీద్ తేల్చాడు. కరీంనగర్ మనిషి, అతని ఫోన్లో లేని లోకం లేదు. జాంబియాలో ఒక అడవి, వానలో తడుస్తూ నిలబడ్డ ఏనుగులు, కనుచూపు మేరా పచ్చగడ్డి, మధ్యలో బస చేసే గుడారాలు చూపించాడు.

"వానకాలమైతే రేటు సగమే భాయ్. జనం ఉండరు. గడ్డి నిలువెత్తు పెరుగుతది, జంతువులు గూడ సరిగ కనబడవంట."

"కనబడకుంటే వాన సూస్త," అన్నాడు ముత్యం.

భార్య స్వర్ణ ఫోన్లో విని ఒకటే మాటంది. "పో గని, పులుల దగ్గరికి పోకు."

"ఆఫ్రికాల పులులు ఉండయే."

"ఉండయా? మరి గంత దూరం ఎందుకు పోవుడు?"

స్వర్ణనైనా ఒప్పించాడు గానీ క్యాంపును నమ్మించడం అతని తరం కాలేదు. పక్క మంచం పరమేశ్ అందరిముందూ తేల్చేశాడు. "ముత్యమన్న మస్తు హుషారైండు. సామాన్ తప్పిచ్చుకునేతందుకు ఏనుగుల కత పెట్టిండు. గప్‌చుప్‌గ ఇంటికే పోతుండు."

ఇంకేముంది! వారం ముందు నుంచే ముత్యం మంచం మీద మూటలు పేరుకున్నాయి. దుప్పట్లు, ఖర్జూరాలు, ఎవరి కూతురికో స్కూలు బ్యాగు. మలేరియా గోలీలు తీసి చూపించాడు. "గోలీలు గూడ కొన్నవా అన్నా! ఎంత పక్కాగ నాటకమాడుతున్నవే!" అని మెచ్చుకున్నారు. మూటల పక్కన ఇంత చోటు చేసుకుని ముడుచుకు పడుకోవలసి వచ్చింది ముత్యానికి.

చివరికి టిక్కెట్టు తెచ్చి పరమేశ్ చేతిలో పెట్టాడు. పరమేశ్ కూడబలుక్కుని చదివాడు. లుసాకా, జాంబియా. అక్కణ్నుంచి చిన్న విమానంలో పార్కు. తర్వాత ఒక్కొక్కరే వచ్చి, ముఖం చాటేస్తూ, ఎవరి మూట వాళ్లు తీసుకుపోయారు. ఖాళీ మంచం మీద ముత్యం కాళ్లు బారజాపాడు. అంత సంతోషం అతనికి పెళ్లినాడు కూడా కలగలేదు.

పరమేశ్ మాత్రం కదల్లేదు.

"అన్నా, గా పార్కు పేరు ఇంకోపారి సెప్పు."

చెప్పాడు.

"అరె! మా మేనమామ కొడుకు మల్లేష్ గా పార్కు గేటు కాడ్నే బోర్లు ఏస్తుండు గదనే! మామిడికాయ తొక్కు తినక మూడేండ్లాయె ఆనికి." మంచం కింద నుంచి ఐదు కిలోల డబ్బా బయటికి లాగాడు. "ఆదివారం నీ గుడారం కాడికి వచ్చి తీస్కపోతడు."

ముత్యానికి ఏడుపొక్కటే తక్కువ. ఎన్నడూ లేనిది గొంతు పెంచాడు. "తీస్కపోను! సచ్చినా తీస్కపోను! చిన్న విమానంల పదిహేను కిలోలకు మించి ఎక్కనియ్యరు."

"నీ బట్టలు ఎన్ని కిలోలు?"

"ఏడు."

"మరింకేంది?"

ముత్యం ఫోన్ తీసి వెతికాడు. గుడారాలవాళ్లు రాసిన రూల్సు దొరికాయి. బతికిపోయానురా అనుకున్నాడు.

"ఇగో సూడు. గుడారంల తినేటియి పెట్టద్దట. వాసనకు ఏనుగులు లోపలికొస్తయట!"

పరమేశ్ అమాయకంగా అతని ముఖంలోకి చూశాడు. "మరి నువ్వు పోయేది దేనికన్నా?"

ముత్యం లేచి సంచి జిప్పు తీశాడు. లేచి సంచి జిప్పు తీశాడు.