మెచ్చుకోని డాక్టర్ సాబ్

మా పశువుల డాక్టర్ సాబ్ పోయారు. పొద్దున పాలకేంద్రం దగ్గర క్యాన్లు దించే మనిషి ఈ మాట చెప్పగానే మా బాపు చేతిలోని చెంబు కింద పెట్టి అట్లాగే నిలబడిపోయాడు. మోత్కూరు పశువుల దవాఖానలో ఏళ్ల తరబడి పనిచేసిన మనిషి. రిటైరయ్యాక కూడా మా ఊళ్లకు రావడం మానలేదు.

ఆయన్ని తలచుకుంటే నాకు ముందు గుర్తొచ్చేది తిట్లే. కొట్టంలో అడుగుపెట్టి, నిగనిగలాడే ఎద్దును చూసి, "థూ! ఏం బక్క గొడ్డయ్యా! మేత ఏస్తున్నవా, గాలి మేపుతున్నవా?" అనేవారు. బాపు ముఖం వెలిగిపోయేది. గొడ్డును మెచ్చుకుంటే దిష్టి తగులుతుందని మా దగ్గర చిన్నపిల్లలకు కూడా తెలుసు.

తెలియనిదల్లా ఎనభైల చివర్లో బయటి దేశం నుంచి వచ్చిన డాక్టరమ్మకే. అక్కడి పశువైద్యులూ మన దవాఖానవాళ్లూ కలిసి ఊరూరా గొంతువాపుకు టీకాలు వేయాలని ఏర్పాటు. వానలు పడ్డాయంటే ఆ జబ్బు పొద్దున మేసిన గొడ్డును మాపటికల్లా పడగొట్టేది. ముందటేడు మా ఎద్దొకటి అట్లాగే పోయింది. మిగిలినదానికి బాపు ఎట్లాగో ఒక కోడెను తెచ్చి జత కలిపాడు. ఈ జత కూడా పోతే మాకు సేద్యమే లేదు.

డాక్టరమ్మ మా కోడె వీపు మీద చెయ్యి వేసి, నేర్చుకొచ్చిన రెండు తెలుగు ముక్కల్లో, "చాలా అందం! చాలా బలం!" అంది. అదీ నలుగురి ముందు! ఇంకేముంది, బాపు పలుపులు విప్పి ఎద్దులను ఊరి బయటి మా మెట్టచేనుకు, చెలకకు, తోలుకుపోయాడు. బాపును చూసి మిగతావాళ్లూ అదే పని చేశారు. మంచుపెట్టెలో తెచ్చిన టీకా మందు అట్లాగే ఉండిపోయింది.

డాక్టర్ సాబ్ ఎవరినీ ఏమీ అనలేదు. ఆమెకు చాయ్ తాగించి, సంగతి చెప్పి, వెంట తీసుకుపోయారు. మర్నాడు ఇద్దరూ నేరుగా మా చెలకకే వచ్చారు. ఆమె కోడెను ఎగాదిగా చూసి, ముఖం చిట్లించి, "థూ! బక్క గొడ్డు! పనికి రాదు!" అంది.

బాపుకు నవ్వు ఆగలేదు. "గిట్ల నేర్పింది నువ్వే గదా, సాబ్?"

"మరేం జెయ్యాలె భాయ్? గీ ఎద్దు బతకాల్నంటే ఆమె తిట్టాలె. జర పట్టుకో, ఫికర్ చెయ్యకు."

సూదంటే గొడ్డును తాళ్లతో పడగొట్టడమే మాకు తెలుసు. బాపు మోకు తీయబోతే డాక్టరమ్మ వద్దని చెయ్యి ఊపింది. కోడె మెడ కింద వేలాడే గంగడోలు నిమురుతూ నిలబడింది. కోడె మెడ చాపి కళ్లు మూసుకునేసరికి డాక్టర్ సాబ్ సూది వేయడం కూడా అయిపోయింది. పాత ఎద్దుకూ అట్లాగే వేశారు. ఆనాటి నుంచి ఆయన గొడ్డును పడగొట్టనియ్యలేదు. ఎప్పుడొచ్చినా బాపును అడిగేవారు, "నేను ఆమెకు తిట్టుడు నేర్పిన, ఆమె నాకు నిమురుడు నేర్పింది. ఎవరికి లాభమైందో చెప్పు?"

ఆ వానాకాలం పక్క ఊళ్లో గొడ్లు పోయాయి. మా జత నిలిచింది. అది దున్నిన చెలకే నన్ను చదివించింది. ఈ మాట ఆయనతో ఒక్కసారైనా చెప్పి ఉండాల్సింది.

బాపు కూడా చెప్పలేదు. పైగా, "గీ సాబుకు ఏం పనొస్తది, దినాం తిరుగుడు తప్ప!" అని ఆయన ఎదుటే అనేవాడు. ఆయన పకపకా నవ్వేవారు. నాకు మాత్రం ఒళ్లు మండేది. ఇంత చేసిన మనిషిని అట్లా అనడమేమిటి?

ఖబరస్తాన్‌లో అందరితో పాటు బాపు కూడా పిడికెడు మట్టి వేశాడు. జనం వెళ్లిపోతున్నా కదల్లేదు. మెల్లగా వంగి, ఆ పచ్చి మట్టిని గంగడోలు నిమిరినట్టు నిమిరాడు.

"మంచోడివి సాబ్," అన్నాడు. "శానా మంచోడివి. ఇగ నీకు ఎవ్వల దిష్టీ తగలదు."