కడగకూడని కుండ

నాకు ఒకచోట కూర్చోవడం చేతకాదు. కూర్చున్నా చేతులు ఊరుకోవు, ఏదో ఒకటి తుడుస్తుంటాయి. ఇనుప గనుల టౌన్‌షిప్‌లో పెరిగిన ఆడపిల్లలకు అంటుకునే జబ్బే ఇది. మధ్యాహ్నం కొండ మీద బ్లాస్టింగ్ అయిందంటే ఆరేసిన బట్టలు, కిటికీ చువ్వలు, మంచినీళ్ల బిందె మూత, అన్నీ ఎర్రబడేవి. పొద్దున తుడిచినదాన్నే సాయంత్రం మళ్లీ తుడవాలి.

మా ఇంట్లో కడగకూడనిది ఒక్కటే ఉండేది, అంబలి కుండ. అమ్మ తన పుట్టినూరు కొంటా నుంచి కాపురానికి వస్తూ బస్సులో ఒళ్లో పెట్టుకుని తెచ్చుకుంది దాన్ని. అందులో అమ్మమ్మ ఇచ్చిన పులుపు. నిన్నటి అంబలి ఒక గరిటె అడుగున ఉంచి, సాయంత్రం దాంట్లో రాగిపిండి, నీళ్లు కలిపి మూతపెట్టాలి. పొద్దున గిన్నెలో నూకలు ఉడుకుతుండగా ఆ పులిసిన పిండి పోసి, ఉండకట్టకుండా తిప్పాలి. ఉప్పేసి, చల్లారాక మళ్లీ కుండలోకి. కొలతలు అడిగితే అమ్మ “నీ చెయ్యే చెప్తది” అనేది. నా చెయ్యి ఏనాడూ ఏమీ చెప్పలేదు. కుండ అంచు తడిగుడ్డతో తుడవచ్చు, లోపల మాత్రం చెయ్యి పడకూడదు. అమ్మమ్మ పోయాక ఆ పులుపు తప్ప ఆవిడది మా ఇంట్లో ఇంకేమీ మిగల్లేదు.

నా పంతొమ్మిదో ఏట అమ్మకు జగదల్‌పూర్ ఆసుపత్రిలో కడుపు ఆపరేషన్ అయింది. నాన్న అక్కడే ఉన్నాడు, ఇంట్లో నేనొక్కదాన్నే. ఆ పదిరోజులూ కాలుకాలిన పిల్లిలా తిరిగాను. రేపు అమ్మ వస్తుందనగా వంటింటి అరలన్నీ దించి కడిగాను. ఆ ఊపులో కుండను కూడా సబ్బుపొడి వేసి, కొబ్బరిపీచుతో రుద్ది, ఎండలో బోర్లించాను. బోర్లించాక గానీ ఏం చేశానో తెలియలేదు.

అమ్మ వచ్చింది. మనిషి సగమైంది. అన్నం చూస్తే వాంతి, పాలు వద్దు, రొట్టె వద్దు. ఇంత అంబలి కావాలంది. పెరుగు కలిపి పులియబెట్టిన పిండితో కాచి ఇచ్చాను. పులుపైతే ఉంది కానీ అది మా పులుపు కాదు. అమ్మ ఒక్క గుక్క తాగి, నోరు బాగాలేదని గోడవైపు తిరిగింది. రెండో రోజూ అంతే. నాకు నా మీదే కాదు, ఎర్రదుమ్ము మీద, ఆ కొండ మీద, తిను తినమని ఆమె వెంటబడుతున్న నాన్న మీద కూడా కోపం వచ్చింది. తినకపోతే అమ్మ దక్కదని భయం. కుండ కడిగానని చెప్పడానికి నోరు మాత్రం రాలేదు.

మూడో రోజు సంత. అక్కడ చింతచిగురు అమ్మే దోర్లా తెగ ఆవిడ ఉండేది. తెలుగు అరుదుగా వినిపించే ఆ సంతలో తెలుగు మాట్లాడుతుందని అమ్మ ఆమె దగ్గర కూర్చుంటే లేచేది కాదు, పక్కన నిలబడి నేను విసుక్కునేదాన్ని. ఊళ్ల నుంచి సంతకు వచ్చేవాళ్లు సొరకాయ బుర్రలో అంబలి తెచ్చుకుంటారు. నేను స్టీలు డబ్బా పట్టుకుని ఆమె ముందు నిలబడ్డాను. ఎలా అడగాలో తెలియక, అమ్మ ఏమీ తినడం లేదని మొదలుపెట్టాను. ఆమె నా డబ్బా వైపు చూసింది. ఎందుకని అడగకుండా, మధ్యాహ్నానికని తెచ్చుకున్న తన అంబలి సగానికి పైగా అందులో వంచేసింది.

“కుండ మంచిగ ఎండినంకనే కలుపు బిడ్డా,” అంది.

కుండ సంగతి ఆమెకు చెప్పనేలేదన్నది ఆ తొందరలో నాకు తట్టలేదు.

సాయంత్రం దాన్ని ఎండిన కుండలో పోసి పిండి కలిపాను. మర్నాడు పొద్దున అంబలి కాచి, అమ్మ చేతికి గ్లాసు ఇచ్చి తలుపు దగ్గర నిలబడ్డాను. అమ్మ వాసన చూసింది. సగం తాగి ఆగింది.

“కుండ కడిగినవా?”

ఏడుపొచ్చేసింది. కడిగానన్నాను. ఈ అంబలి ఎవరి బుర్రలోదో చెప్పాను. అమ్మమ్మ ఇచ్చినదాన్ని పోగొట్టానన్నాను.

“నేను గూడ కడిగిన,” అంది అమ్మ. “వచ్చిన మొదటేడే, దుమ్ము పట్టిందని. అప్పుడు గూడ ఆమెనే పోసింది. మీ అమ్మమ్మ వచ్చి తాగి, మనింటి పులుపు మంచిగ కాపాడినవే అన్నది. నేనేం మాట్లాడలే.”

నాకు ఒళ్లు మండింది. ఊహ తెలిసినప్పటి నుంచి ఆ కుండలో నా చెయ్యి పడనివ్వని మనిషి ఈమె. ఇన్ని రోజులు చచ్చి బతికానని, ముందే చెప్తే నీ సొమ్మేం పోయిందని అనేశాను. అమ్మ నవ్వబోయింది, కుట్లు లాగి పొట్ట పట్టుకుంది. తర్వాత మిగిలింది తాగేసి, ఖాళీ గ్లాసు నా వైపు చాపింది.

“ఇంకింత పొయ్యవే,” అంది. “అడుగున గరిటెడు ఉంచు.”