పోలమ్మ ఇద్దరు అల్లుళ్ళు

పోలమ్మకు కూతురు ఒక్కతే. అల్లుళ్ళు మాత్రం ఇద్దరు. ఒకడు కిరండూల్ రైల్వే గ్యాంగులో పనిచేసే జయరావు. రెండో ఆయన పిట్ట.

వట్టి పిట్టా అది! నల్లకోటు, తెల్లచొక్కా, అరటికాయంత పసుపు ముక్కు, దానిమీద కొమ్ము. హిందీవాళ్ళు ధనేశ్ అంటారు. కొండ కింద తానిచెట్టు తొర్రలో దాని పెళ్ళాం గుడ్లు పెట్టి, వాకిలి మట్టితో పూడ్చేసుకుని కూర్చుంది. ముక్కు పట్టేంత సందే మిగిలింది. ఈయనగారు పొద్దస్తమానం మేడిపళ్ళు తెచ్చి ఆ సందులోంచి అందిస్తాడు. కూతురు ఎర్రమ్మ పురుడు పోయడానికి శ్రీకాకుళం నుంచి వచ్చిన పోలమ్మ, అది చూసి మతిపోయి, ఆ పూటే అల్లుణ్ణి చేసేసుకుంది.

ఇక జయరావుకు అన్నం సహించలేదు.

"అల్లుడుగారు పొద్దున్నించి పదకొండుసార్లు పళ్ళు అట్టుకొచ్చారు. నువ్వేటి తెచ్చినావు బాబూ?"

"టమాటాలు తెచ్చాను గదత్తా!"

"అన్నీ ఒక్కపాలే తెచ్చీసినావు. ఆయన మాటిమాటికీ ఒస్తారు."

పిట్టకు 'గారు', తనకు 'బాబు'. జయరావు టమాటాలు కడిగాడు.

ఇనుపరాయి బండ్లు పెరిగాయని ఇంకో లైను వేయాలన్నారు. తానిచెట్టు అడ్డం. కొట్టేది జయరావు గ్యాంగే. అతని ఉద్యోగం ఇంకా పక్కా కాలేదు. లైను వేయించే సాహెబు చేతిలో ఉంది.

"అత్తా, నీకు దణ్ణం. రేపు అటు రాకు. నా పని పోద్ది."

"నేనెందుకొత్తాను బాబూ?" అంది పోలమ్మ.

తెల్లారేసరికి చెట్టు కిందే ఉంది. మొదలుకి వేపమండలు కట్టింది, చీపురు నిలబెట్టింది, పాతచెప్పు వేలాడదీసింది. గొడ్డలి పట్టుకొచ్చిన గ్యాంగుమనిషి పొజ్జా అది చూసి ఠక్కున ఆగిపోయాడు.

"నై సాబ్. పురిటిల్లు ఇది. నేను కొట్టను."

సాహెబు మండిపడ్డాడు. "ఎన్నాళ్ళమ్మా ఈ పురుడు?"

"ఆ తల్లి తలుపు తీసుకుని బయటికొచ్చేదాకా."

"అంతదాకా పట్టాలు ఆగాలా?"

"పట్టాలేటి గుడ్లు పొదుగుతున్నాయా బాబూ? ఆగుతాయి."

సాహెబు గ్యాంగు వైపు తిరిగాడు. "ఎవరి తాలూకు ఈవిడ?"

జయరావు ఒకడుగు వెనక్కి వేశాడు. చెప్పకపోతే ఏమవుతుంది? వేపమండల మధ్య కాళ్ళు చాపుకుని కూర్చున్న ముసలమ్మను చూశాడు.

"మా అత్తగారండీ," అన్నాడు.

సాహెబు అతణ్ణి ఎగాదిగా చూశాడు. "నువ్వేనా ఆ అల్లుడివి! పెళ్ళానికి పూటకి పదిసార్లు పళ్ళు మోస్తావట, నువ్వు తినకుండా పెడతావట! దవాఖానాలో ఇదే మాట, బజారులో ఇదే మాట. మీ అత్త మా ఇంటికొచ్చి కూడా చెప్పిపోయిందట. నెల్లాళ్ళుగా మా ఆవిడ నన్ను చూసి నిట్టూరుస్తోందయ్యా! నిన్ను పక్కా చేసేదాకా నాకు టీ పెట్టదట."

లైను అవతలి కొస నుంచి మొదలుపెట్టమన్నాడు. చెట్టు దాకా వచ్చేసరికి పిల్లలు ఎగిరిపోతాయిలే అన్నాడు.

దారిలో జయరావు ఉండబట్టలేక అడిగాడు. "అవన్నీ ఆ పిట్ట చేసినవి గదత్తా?"

"ఇంట్లో మెచ్చుకుంటే అల్లుడు పాడైపోతాడు. బయట మెచ్చుకుంటే బాగుపడతాడు. నడు."

ఆ సాయంత్రం జయరావు బజారుకు నాలుగుసార్లు వెళ్ళాడు. ఒక్కోసారి ఒక్కో జామకాయ.

పోలమ్మ వేళ్ళు మడిచి లెక్కపెట్టుకుంది. "ఇంక సాలు," అని పీట వాల్చింది. "కూకోండి, అల్లుడుగారూ."