పదకొండు ఎర్ర గుండెలు

మా ఇంటాయన దేవదానం చెయ్యి పడితే మూగబోయిన రేడియో కూడా పలుకుతుందని నంద్యాల బస్టాండు సందులో అందరూ అనేవాళ్లు. నాకు మాత్రం ఆయన మొండితనమే కనిపించేది. ఏ పెట్టె విప్పినా ముందు బ్యాటరీ పీకాలి, తర్వాతే సోల్డరింగ్ రాడ్డు వేడి చేయాలి. ఒకసారి వేడికి సెల్లు పేలి కనుబొమ్మ కాలింది లెండి. అప్పటినుంచీ మూత తెరవడం ఆలస్యం, వేళ్లు వాటంతటవే బ్యాటరీ మీదికి పోయేవి.

రెండువేల ఒకటి ఎండాకాలంలో ఆళ్లగడ్డ నుంచి రామసుబ్బమ్మ అనే ఆమె వీడియోగేమ్ పెట్టె, దాని క్యాసెట్ తెచ్చింది. తమ్ముడు కువైట్ నుంచి పంపిందట. దాంతో ఆడుకున్న కూతురు నాగజ్యోతి నాలుగేళ్ల కిందట మెదడువాపు జ్వరంతో మూడు రోజుల్లో పోయింది. పదమూడేళ్ల పిల్ల!

టీవీకి పెట్టి ముగ్గురం చూశాం. పిల్ల పేరు, పక్కన వరసగా పదకొండు ఎర్ర గుండెలు.

"ఒగోటి గెలిచినప్పుడల్లా 'అమా, ఇంగోటొచ్చె' అని అరుస్తాండె. లోపల బ్యాటరీ సచ్చిపోతే అంతా తుడుచుకపోతాదంట గదప్పా. అది పోకముందే మార్చు."

"నీకేం భయం లేదక్కా," అన్నాడు ఈయన.

చూస్తూ కూర్చోలేనని ఆమె బజారుకు వెళ్లింది. టీవీ ఆపినా, ఆటను దాచిపెట్టే లోపలి చిప్పుకు బ్యాటరీ కరెంటు ఇస్తూనే ఉంటుందనీ, అది ఒక్క క్షణం ఆగినా ఆట పోతుందనీ ఈయన నాకు చెప్పాడు. అందుకే ముందు కొత్త బ్యాటరీ బిళ్లను తీగలతో తగిలించి, తర్వాతే పాతది తీయాలట. తీగలు కూడా సిద్ధం చేసుకున్నాడు. క్యాసెట్ మూత తెరిచాడు.

"ఏమయ్యా, అన్నం పెట్టేదా?" అన్నాను.

"పెట్టు," అన్నాడు. అంతే, వేళ్లు పాత బిళ్లను లేపేశాయి. తీగలు బల్లమీదే ఉన్నాయి.

"అయ్యో బాలమ్మా!" అని నావైపు తిరిగాడు. కొత్తది తగిలించి టీవీలో చూస్తే పేరు లేదు, ఏమీ లేదు.

సిగ్గులేని నోరు నాది. "పేరు మళ్లా కొట్టు. ఆమెకేం తెలుస్తాది?" అన్నాను. వద్దు వద్దంటూనే చివరికి కొట్టాడు.

సాయంత్రం రామసుబ్బమ్మ వచ్చింది. పేరు చూసి నవ్వింది, తెర మీద చెయ్యి పెట్టింది. హమ్మయ్య అనుకున్నాను. వేలు పక్కకు జరిగింది. "ఒగటి, రెండు, మూడు..." అక్కడే ఆగిపోయింది. కొత్తగా మొదలైన ఆటకు మూడే గుండెలు.

"తక్కినయి యాడప్పా?"

ఈయన తల వంచుకుని జరిగింది జరిగినట్టు చెప్పేశాడు, నా పేరు మాత్రం ఎత్తలేదు. ఆమె తిడుతుందని చూశాను. తిట్టి ఉంటే బాగుండేది.

"ఆ పాత బిళ్లన్నా ఇయ్యి."

జేబులోంచి తీసి ఇచ్చాడు. ఆమె దాన్ని అరచేతిలో పెట్టుకుని అటూ ఇటూ తిప్పింది.

"ఇది సచ్చిపోయిండెనా?"

"లేదక్కా. మీటరు పెట్టి చూసినా. ఇంగా బాగానే ఉండాది."

"అయితే నేను ఈడికి తేకుంటే నా బిడ్డ ఆట ఇంగా ఉండునా?"

అబద్ధం చెప్పవయ్యా, ఈ ఒక్కటీ చెప్పు అని ఆయన మొహంలోకి చూశాను.

"ఉండునక్కా," అన్నాడు.