చెక్‌పోస్టు దగ్గర లెక్క

నా నోటికి ఇంట్లోనే కాదు, లాబ్‌లో కూడా జడిసేవారు. అందులో నాకు కొంత గర్వం కూడా ఉండేది.

అప్పట్లో నేను టీకాల పరిశోధనలో పనిచేసేదాన్ని. టైఫాయిడ్ జాతి బాక్టీరియాను జబ్బు చేయలేనంతగా నీరసపరిచి, దానిచేత మరో జబ్బు తాలూకు ప్రొటీన్‌ను మోయించాలి. బతికున్న ఆ బాక్టీరియాను నోట్లో పోస్తే పేగుల్లోకి వెళ్లి ఆ ప్రొటీన్‌ను ఒంటికి చూపిస్తుంది. ఒళ్లు రెండు జబ్బులనూ గుర్తుపెట్టుకుంటుంది. ప్రొటీన్ జన్యువును ఒక చిన్న డీఎన్‌ఏ చుట్టలో పెట్టి లోపలికి పంపాం. ఒక యాంటీబయాటిక్‌ను తట్టుకునే జన్యువు కూడా అదే చుట్టలో ఉంటుంది. ఆ మందు కలిపిన పెట్రీ పళ్లాల్లో పెంచితే చుట్ట ఉన్న బాక్టీరియాలే బతుకుతాయి. నా పళ్లాలు నిండుగా పెరిగేవి. ఎలుకల్లో మాత్రం ఏ ఫలితమూ లేదు.

పళ్లాలు నావి. ఎలుకలకు టీకా పట్టింది నా దగ్గర పనిచేసే జూనియర్ అమ్మాయి. కాబట్టి తప్పు ఆమెదేనని తేల్చాను. ఆమె ఫెలోషిప్ పొడిగించాలా వద్దా అన్నది నా రిపోర్టు మీద ఉంది. "టీకా పట్టడంలో నైపుణ్యం లేదు" అని రాసి, సోమవారం పంపుదామని లాప్‌టాప్‌లో ఉంచి, యానాం కనకాలపేటలో మా తమ్ముడింటికి వచ్చాను.

ఆదివారం నన్ను కాకినాడలో రైలెక్కించడానికి తమ్ముడు బండి తీశాడు. హెల్మెట్ మోచేతికి తగిలించుకున్నాడు.

"బుర్ర మోచేతిలో ఉందేంట్రా?" అన్నాను.

"కంగారెట్టకక్కా. చెక్‌పోస్టు కాడ ఎట్టుకుంటాగా."

అన్నట్టే, యానాం దాటి ఆంధ్రాలోకి పోయే మలుపు ముందు పెట్టుకున్నాడు. ముందు బండివాళ్లూ వెనక బండివాళ్లూ అదే పని. పోలీసులను దాటి రెండు నిమిషాలు కాలేదు, మళ్లీ మోచేతికి.

"సిగ్గు లేదురా మీకు?"

"సిగ్గెందుకక్కా? ఆళ్ల లెక్కలో అందరం ఎట్టుకున్నోళ్లమే. అక్కడే నించుని లెక్కెడితే ఇంకేం కనపడుద్ది?"

తిట్టబోతుంటే నా పళ్లాలు గుర్తొచ్చాయి. నేనూ చెక్‌పోస్టు దగ్గరే లెక్కపెట్టాను. మందున్న పళ్లెంలో చుట్ట వదిలేసిన బాక్టీరియా చచ్చిపోతుంది, లెక్కలోకే రాదు. ఎలుక పేగులో ఆ మందు లేదు. అక్కడ చుట్ట బరువు మోయాల్సిన అవసరం ఏ బాక్టీరియాకూ లేదు; వదిలేస్తుంది, దాంతో ప్రొటీనూ పోతుంది. ఎమ్మెస్సీ పిల్లలకు ఏటా నేనే చెప్పే పాఠం ఇది.

టీ కొట్టు దగ్గర బండి ఆపించి ఆ అమ్మాయికి ఫోన్ చేశాను. ఎలుకల నుంచి తీసిన బాక్టీరియాను మందు లేని పళ్లెంలో కూడా వేసి చూడమన్నాను.

"వేశాను మేడమ్. సాదా పళ్లెం నిండా వచ్చాయి. వాటినే మందు పళ్లెంలోకి మారిస్తే అక్కడొకటి, ఇక్కడొకటి. మీకు చెప్పాను కదా మేడమ్. ముందు ఎలుకను పట్టుకోవడం నేర్చుకో, తర్వాత నాకు పాఠం చెబుదువుగాని అన్నారు."

అన్నాను. ఏ గొంతుతో అన్నానో అది కూడా గుర్తొచ్చింది.

"ఏంటక్కా, మాటాడవేంటి? ఒంట్లో బాలేదా?" తమ్ముడు టీ గ్లాసు అందిస్తూ నా మొహంలోకి చూశాడు.

రైల్లో కూర్చుని రిపోర్టులో ఆ వాక్యం కొట్టేశాను. లోపం చుట్టలో ఉందనీ, జన్యువును బాక్టీరియా సొంత క్రోమోజోములోనే చేర్చాలనీ, ఈ సంగతి ఆ అమ్మాయి పోయిన నెలే పట్టుకుందనీ, నేను వినలేదనీ రాశాను. క్షమించమని అడగడం నాకు రాదు. పంపే ముందు ఆ అమ్మాయికి ఫోన్లో చదివి వినిపించాను.

"పోయిన నెల కాదు మేడమ్, అంతకుముందు నెల," అంది. "రెండుసార్లు చెప్పాను."

నెల దిద్దాను. రెండుసార్లు అన్నదీ చేర్చాను.