రాళ్లు తీసిన బరువు

శుక్రవారం పొద్దున జమ్మలమడుగు నుంచి ఫోన్ వచ్చింది. మా ఆపా ఇక లేరు. సొంత అక్క కాదు, ప్రొద్దుటూరులోని మా బంగారం అంగడికి బిల్లుల ప్రోగ్రాం రాసిన మనిషి. అక్కడ గుమాస్తాగా రోజువారీ లెక్కలు రాసుకునే నేను కోడ్ రాయడం సొంతంగానే నేర్చుకున్నాను. దాన్ని దిద్దింది మాత్రం ఆమే.

ఏ లెక్కకైనా ప్రోగ్రాంకు కొన్ని విలువలు అందించాలి. వాటికి పెట్టే పేర్లనే పారామీటర్లంటారు. ఆపా ఆ పేర్లను కుర్చీలో కూర్చుని పెట్టేవారు కాదు. తూకం పక్కన నిలబడి పైకి చదివేవారు. తూచే మామ నగ తూచి అంకె చెబితే ఆ పేరు నిలిచినట్టు. "యా బరువు?" అని ఎదురడిగితే అది పోయినట్టే. నిలిచిన పేరు అమ్మకంలోనైనా, పాత బంగారం మార్పిడిలోనైనా ఒకటే. వరుస కూడా ఒకటే: ముందు రాళ్లతో బరువు, తర్వాత రాళ్లు తీసిన బరువు, ఆ తర్వాత నగ చేయడంలో పోయే తరుగు.

ఇంత పొడుగు పేర్లెందుకని ఒకసారి గొణిగాను. ఆమె టీ గ్లాసు దించారు.

"బంగారంలో తరుగంటే సరే. పేర్లలో కూడా తరుగు తీస్తావా ఏందప్పా?"

పులివెందులలోని మా రెండో అంగడికి ప్రోగ్రాం రాసినవాళ్లు ఒట్టి 'బరువు' అని పెట్టారు. ఒకచోట అది రాళ్లతో, ఇంకోచోట రాళ్లు లేకుండా. కెంపుల గాజులు కొన్న ఒక రైతమ్మకు రాళ్లకూ బంగారం ధరే పడింది. యజమాని దాన్ని పొరపాటన్నారు. ఆపా ఒప్పుకోలేదు.

"పొరపాటు కాదన్నా. పేరు పెట్టేకి బద్ధకం," అని ముఖానే అన్నారు. పులివెందులకు పోయి, ఆ రైతమ్మకు తేడా ముట్టేదాకా తిరుగు బస్సెక్కలేదు.

ఆపా పోయి వారం తిరక్కముందే యజమాని ప్రోగ్రాంను కొత్తవాళ్లకు అప్పగిస్తానన్నారు. వాళ్ల మొదటి పని ఆమె పెట్టిన పేర్లన్నీ ఒకటి రెండు అక్షరాలకు కుదించడమట. నేను మాట తక్కువ మనిషిని. అయినా కుదరదన్నాను. మిగతాదంతా మార్చుకోండి, ఆ పేర్లు మార్చాలంటే ముందు నన్ను తీసేయండి అన్నాను. ఉట్టి పేర్లలో ఏముందని ఆయన అడిగారు.

నేను తెర వైపు తిరిగి, ఆమె చదివినట్టే పైకి చదివాను.

"రాళ్లు తీసిన బరువు?"

తూకం దగ్గరి మామ తలెత్తలేదు. నెక్లెస్‌ను పళ్లెంలో సర్దుతూ, "చెప్తాండా, ఉండు ఆపా," అన్నాడు.

తూకం మీద అంకెలు కదిలి కదిలి ఒకచోట నిలిచాయి. ఆ పేరు ఇంకా తెర మీదే ఉంది.